పెంటవ్వకు పెట్టి రా

కూసోండ్రి. పల్లికాయలు తినుకుంట వినుండ్రి గానీ, పొట్టు మాత్రం కింద పారేయకుండ్రి. ఎవరి పొట్టు వాళ్ళ ఒళ్ళె పెట్టుకోండ్రి. ఎందుకని ఇప్పుడే అడిగితే చెప్ప. కథ అయిపోయినంక మీకే తెలుస్తది.

ఇది ఎప్పటి ముచ్చటంటే, మీ తాతల తాతలు ఇంకా మొలతాడు గూడ కట్టని కాలం ముచ్చట. ఆ కాలంల ఒక ఊళ్ళె ఆలుమగలు ఉండేటోళ్ళు. వాళ్ళకు గుంటెడు భూమి లేదు. ఊళ్ళె పని దొరకనప్పుడు మూట నెత్తిన పెట్టుకొని పరాయి ఊళ్ళు పట్టుకొని పోయేటోళ్ళు. మొదటి బిడ్డ ఆ బాట మీదనే పుట్టింది, బాట మీదనే పోయింది. రెండో బిడ్డ గూడ బాట మీదనే పుట్టింది, బాట మీదనే పోయింది. మూడోసారి కడుపైనప్పుడు ఆ తల్లి ఇంక గడప దాటనన్నది. "తిన్నా తినకున్నా ఈడనే కంట" అన్నది.

మూడో బిడ్డ ఇంట్ల పుట్టింది. ఆడపిల్ల. మంత్రసాని ముసల్ది బొడ్డు కోసి, పిల్లను చాటల పండబెట్టుకొని, సక్కగ ఇంటెనుక పెంటకుప్ప కాడికి తీసుకపోయింది. పిల్లలు దక్కని ఇండ్లల్ల అది ఆనవాయితీ. చాటను కుప్ప మీద పెట్టి, సావుకు వినపడేటట్టు గట్టిగ చెప్పింది.

"ఇది మా పిల్ల కాదు. ఉత్త పెంట. ఎవరికీ అక్కర లేదు."

సావు ఆ దారిన వచ్చింది. తొంగి చూసింది. పెంట నాకెందుకు అనుకొని పోయింది. అప్పుడు తల్లి వచ్చి చాటెడు తవుడు కుప్ప మీద పోసి, తన బిడ్డను తానే బతిమాలి తెచ్చుకున్నది. పెంటవ్వ అని పేరు పెట్టుకున్నది.

మంత్రసాని పోతపోత ఒక్క మాట అన్నది. "నీ బిడ్డను కాపాడింది ఈ కుప్ప. చేతులు వచ్చినంక పిల్లను దినాం దీనికి ఇంత పెట్టమను. తల్లికి పెట్టినట్టు పెట్టమను."

ముసల్ది ఊరికే అన్నదో, ఎరుకుండి అన్నదో ఎవరికి తెలుసు. పెంటవ్వ మాత్రం ఆ మాటను గట్టిగ పట్టుకున్నది. పొద్దున లేస్తే కుప్ప కాడికి పోయేది. దోసెడు చెత్త పెట్టేది, దోసెడు మన్ను చల్లేది, చెంబెడు నీళ్ళు పోసేది. "తిను తల్లీ, సల్లగుండు" అనేది. తోటి పిల్లలు పడిపడి నవ్వేటోళ్ళు. నవ్వనీ అనుకునేది. ఏండ్లు గడిచినయ్. కుప్ప కింది మన్ను నల్లగైంది, మెత్తగైంది. పిడికిట పడితే తొలకరి వాసన వచ్చేది. దాని పక్కన పెట్టిన బీరతీగ ఇంటి కప్పంత పాకింది.

పిల్ల ఎదిగింది. బోడగుట్ట ఊళ్ళె సాయిలు అనే పిలగానికి ఇచ్చి పెండ్లి చేసిన్రు. సాయిలు మంచోడు. మాట మెత్తన. తల్లి ముంగట ఇంకా మెత్తన. సాగనంపేటప్పుడు తల్లి బిడ్డకు ఒడిబియ్యం పోసింది. పెంటవ్వ ఒడి పట్టింది, కండ్ల నీళ్ళు తుడుచుకున్నది, మళ్ళ ఇంటెనుకకు ఉరికింది. కుప్ప కింది నుంచి దోసెడు మన్ను తీసి కొంగుకు ముడేసుకొని అత్తగారింటికి పోయింది.

అత్త పేరు సత్తవ్వ. కోడలు గడపల కాలు పెట్టంగనే ఆమె కండ్లు కొంగు ముడి మీద పడ్డయ్.

"ఏంది పిల్లా, ముడి అంత బరువుంది? మీ అవ్వ ఏం పెట్టింది?" అని మురుసుకుంట విప్పింది.

నల్లటి మన్ను సత్తవ్వ చేతులల్ల పడ్డది.

"మా తల్లి అత్తా" అన్నది పెంటవ్వ. "నన్ను కాపాడిన కుప్ప."

సత్తవ్వ చేతులు కడుక్కున్నది. మళ్ళ కడుక్కున్నది. మూడోసారి గూడ కడుక్కొని అప్పుడు అన్నది. "చూడు పిల్లా. పొద్దునలేచి పెంటా పెంటా అని ఇంట్లకు పిలిస్తె నలుగురిల నా ఇజ్జత్ ఏంగావాలె? ఇయ్యాల్టి సంది నీ పేరు ముత్యాలు."

పెంటవ్వ సరే అత్తా అన్నది. అన్నది గానీ, ఆ పేరు ఆమెకు అంటలేదు. సత్తవ్వ "ముత్యాలూ, ముత్యాలూ" అని గొంతు పోయేటట్టు పిలిచేది. కోడలు ఎవరినో పిలుస్తున్నరనుకొని తన పని తాను చేసుకునేది.

ఇగ ఆ బోడగుట్ట సంగతి చెప్త. ఆ ఊరోళ్ళకు శుభ్రమంటే పాణం. ఇంటి ముంగట పుల్ల కనపడనియ్యరు. ఇంటెనుక కుప్ప ఉంటే అది తక్కువోళ్ళ ఇల్లని లెక్క. పేడ, బూడిద, ఊక, రాలిన ఆకు, ఊడ్చిందంత గంపలకెత్తి వాగుల పోసేటోళ్ళు. వాగు పట్టుకపోయింది, మన ఇల్లు సాఫైంది అని చేతులు దులుపుకునేటోళ్ళు. మళ్ళ అదే వాగుల చెలిమె తవ్వి తాగేటందుకు నీళ్ళు తోడుకునేటోళ్ళు. నీళ్ళు ఎందుకు వాసనొస్తున్నయని వాళ్ళల్ల వాళ్ళే అడుక్కునేటోళ్ళు. నవ్వకుండ్రి, వాళ్ళు గూడ మనసొంటోళ్ళే.

ఊరికి ఎగువన గుట్ట. బోడ గుట్ట. వాన పడితే ఉన్న ఇంత మన్ను గూడ కొట్టుకపోయి, మొరం తేలి ఉండేది. అన్నదమ్ములు భూమి పాలు పంచుకున్నప్పుడు పెద్దోడు కింది చెలక తీసుకున్నడు. చిన్నోడు సాయిలుకు గుట్ట వాలు వచ్చింది. దాంతోటి తల్లి గూడ వచ్చింది.

సాయిలు గుట్ట కాడ నిలబడి కొద్దిసేపు చూసిండు. "ఈడ ఏం పండుతదే? అందరు పోతున్నరు. మనం గూడ మూట కట్టుకొని పోదాం" అన్నడు.

పెంటవ్వకు ఆ బాట మీద పోయిన ఇద్దరు అక్కలు యాదికొచ్చిన్రు. మొకం తెల్వదు, పేరు లేదు, అయినా యాదికొచ్చిన్రు.

"నేను బాట మీద కన" అన్నది.

"ఇంకా కడుపే పండలే గదనే."

"రేపు పండుతది. అప్పుడు గూడ బాట మీద కన. మూడు వానకాలాలు చూడు. మూడో వానకాలం నాటికి ఈ గుట్ట పచ్చబడకపోతే, నువ్వు ఎటంటే అటొస్త. మారు మాట్లాడ."

సాయిలు తలూపిండు. మూడు వానకాలాలే, అంతకంటె ఒక్కటి గూడ ఎక్కువ కాదని మాట తీసుకున్నడు.

తెల్లారి పెంటవ్వ గంప తీసుకొని ఇంటింటి ముంగట నిలబడ్డది.

"మీకు వద్దన్నది నాకు పెట్టుండ్రి."

మొదటి ఇంటామె నవ్వింది. రెండో ఇంటామె ముక్కు మూసుకున్నది. మూడో ఇంటామె "పాపం, సత్తవ్వ కోడలికి మతి చెడ్డది" అని తన గంప తెచ్చి ఆమె గంపల గుమ్మరించింది. వాగుదాక నడిచే తిప్పల తప్పింది గదా మరి. అది చూసి మొదటామె పోసింది, రెండో ఆమె పోసింది. సత్తవ్వ తలుపు ఓరగ వేసుకొని లోపల కూసున్నది. వారం దాక బయట మొకం చూపియ్యలేదు.

పెంటవ్వ గుట్ట మీద, పైన అంచుకు, కుప్ప పోసింది. పుట్టింటి మన్ను తీసి అడుగున పెట్టింది. దోసెడు చెత్త, దోసెడు మన్ను, చెంబెడు నీళ్ళు. "తిను తల్లీ, సల్లగుండు." కుప్ప మనిషెత్తు పెరిగింది.

మొదటి వానకాలం వచ్చింది. మొగులు నల్లగైంది, వాన దంచికొట్టింది. పైన ఉన్న కుప్ప పైనుంచే జారింది. పెంటవ్వ ఉరికిపోయి రెండు చేతులు అడ్డం పెట్టింది. చేతులు అడ్డం పెడితే వాన ఆగుతదా? కుప్పంత ఆమె కాళ్ళ సందుల నుంచి వాగులకు పోయింది. సాయిలు గొంగడి తెచ్చి కప్పిండు. ఆమె ఏడుస్తుంటే పక్కన తడుసుకుంట నిలబడ్డడు. అందుకే నేను సాయిలు మంచోడన్న.

"నీళ్ళు ఉరుకుతున్నయయ్యా" అన్నది పెంటవ్వ, ఏడుపు ఆగినంక. "ఉరికే నీళ్ళకు మనం కూసునేటందుకు జాగ పెట్టలే."

ఇగ రాళ్ళు ఏరుడు మొదలుపెట్టింది. పొద్దుందాక రాళ్ళే. ఏరిన రాళ్ళను గుట్ట వాలుకు అడ్డంగ వరుసలు పేర్చింది. వరుస కింద వరుస, వరుస కింద వరుస. వేళ్ళు చెక్కుకపోయినయ్, గోర్లు అరిగినయ్. సాయిలు చూసి చూసి పాణం ఒప్పక తాను గూడ పార పట్టిండు. కుప్పను ఈసారి కిందికి, వరుసల నడుమ పోసిన్రు.

రెండో వానకాలం వచ్చింది. నీళ్ళు రాళ్ళ కాడ ఆగినయ్. తెచ్చిన మన్ను ఆడనే వదిలి, అలసిపోయి మెల్లగ కిందికి దిగినయ్. పెంటవ్వ సంబురం చూడాలె. కుప్ప ఇంకా వేడిగనే ఉంది, పొగలొస్తనే ఉంది. అయినా ఆగలేకపోయింది. తీసి వరుసల వెంట పరిచి కొర్రలు చల్లింది. మొలక లేచింది. లేచిన మొలక లేచినట్టే మాడిపోయింది.

పెంటవ్వ ఆ మొలకను చేతిల పట్టుకొని కూసున్నది. "తప్పు నాదే. ఉడకని బువ్వ పెట్టిన" అన్నది.

సాయిలు ఆకాశం దిక్కు చూసిండు. "ఇగ ఒక్క వానకాలమే ఉన్నది పిల్లా" అన్నడు. కోపంగ అనలేదు. భయంతోటి అన్నడు.

మూడో ఏడు పెంటవ్వ తొందర పడలేదు. కుప్ప పోసి, మన్ను తోటి మెత్తి, మాగేదాక ముట్టలేదు. దినాం పోయి నీళ్ళు చల్లి, చెయ్యి పెట్టి చూసొచ్చేది. వేడి తగ్గిందా లేదా, అంతే. ఆ నడుమ కుప్ప అంచుకు ఒక గుమ్మడి మొలిచింది. ఎవరూ పెట్టలే. ఎవరింటి గింజనో ఏమో. ఎండకాలంల, ఊళ్ళె గడ్డి గూడ లేని కాలంల, ఇంతింత కాయలు కాసింది. పెంటవ్వ ఒక కాయ తెచ్చి పులుసు పెట్టింది.

సత్తవ్వ ఒక ముద్ద తిన్నది. ఇంకొంచెం వెయ్యి అన్నది. మూడోసారి గిన్నెనే దగ్గరికి లాక్కున్నది. వేళ్ళు నాక్కుంట అడిగింది. "ఏడిదే ఈ కాయ? ఇంత తియ్యగున్నది."

"కుప్పల కాసింది అత్తా."

సత్తవ్వ చెయ్యి నోటికాడ ఆగింది. కోడలి దిక్కు చూసింది, గిన్నె దిక్కు చూసింది. అటెనుక వేలు మళ్ళ నోట్లె పెట్టుకున్నది. "రేపు రెండు కాయలు తే" అన్నది.

అంతకుముందే, రెండో వానకాలం ఎల్లినంక, పెంటవ్వకు కడుపు పండింది. ఇంటిల్లిపాది మురిసిన్రు, ఇంటిల్లిపాది భయపడ్డరు. ఇంట్ల గింజ లేదు. నెలలు నిండేది సరిగ్గ వానల కాలానికే. కుప్ప మాగింది, నల్లగ మెత్తగ మాగింది. మోసుకపోయి వరుసల ఎనుక పోస్తే సగం గుట్టకే వచ్చింది. మిగిలిన సగం వరుసల ఎనుక పలచటి మన్నే ఉన్నది, పోయినేటి వానకే ఆ రాళ్ళు కదిలినయ్. వాన వస్తే నీళ్ళు ఆ రాళ్ళను తోసుకొని వస్తయ్, నిండిన సగాన్ని గూడ పట్టుకపోతయ్.

ఒకనాడు ఎండిన వాగుల చెలిమెకు పోయిన పెంటవ్వ, వంపు కాడ కాలు జారి కూలబడ్డది. కాలు కింద మెత్తగ తగిలింది. చేతితోటి తవ్వి చూసింది. నల్లటి మన్ను. పిడికిట పట్టి వాసన చూసింది. తొలకరి వాసన. ఊరోళ్ళు తరతరాలుగ పోసిన పెంట, గుట్ట మీద నుంచి తరతరాలుగ కొట్టుకొచ్చిన మన్ను, రెండు కలిసి ఆ వంపుల పండుకొని ఉన్నయ్.

ఇంటికొచ్చి సాయిలుకు చెప్పింది. "మన గుట్ట యాడికీ పోలేదయ్యా. వాగుల పండుకున్నది. లేపి తెచ్చుకోవాలె."

ఆలుమగలు మోసుడు మొదలుపెట్టిన్రు. గంప, గంప, గంప. కడుపుతోటి ఉన్న మనిషి ఎన్ని మోస్తది? ఒకనాడు గుట్ట ఎక్కుతుంటే కండ్లు తిరిగి గంపతోటి సహా కూసుండిపోయింది. సాయిలు ఎత్తుకొచ్చి మంచంల పండబెట్టిండు. దక్షిణం దిక్కు మొగులు ఎక్కుతున్నది. సాయిలు మెల్లగ లేచి, మూల నుంచి దుప్పటి తీసి మూట కట్టుడు మొదలుపెట్టిండు.

పెంటవ్వ చూసింది. మాటిచ్చింది గదా, మారు మాట్లాడనని. మాట్లాడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకొని గోడ దిక్కు తిరిగింది.

సత్తవ్వ గడపల కూసొని ఇదంత చూస్తనే ఉన్నది. కొడుకు కట్టే మూట చూసింది. కోడలు వీపు చూసింది. కోడలి గంప చూసింది. లేచింది. పెంటను చేతితోటి ముట్టని సత్తవ్వ, చేతులు మూడుసార్లు కడుక్కునే సత్తవ్వ, ఆ గంప నెత్తిన పెట్టుకొని బయటికి నడిచింది.

మొదటి ఇంటి ముంగట నిలబడ్డది. "మీకు వద్దన్నది నాకు పెట్టుండ్రి" అన్నది.

ఆ ఇంటామె నోరెళ్ళబెట్టింది. "నువ్వేంది సత్తవ్వా? నీ కోడలు ముత్యాలు ఏది?"

"ముత్యాలెవరే? నాకు అసొంటి కోడలు లేదు. నా కోడలు పెంటవ్వ" అన్నది సత్తవ్వ. "దానికి నెలలు నిండినయ్. మీకు వద్దని వాగుల పోసిందంత ఆడనే ఉన్నది. పోసినోళ్ళే ఎత్తాలె. గంప పట్టుకొని రాండ్రి. రానోళ్ళు రేపటి సంది ఆ చెలిమె నీళ్ళు ఎట్ల తాగుతరో నేను చూస్త."

నవ్వినామె గంప తీసింది. ముక్కు మూసుకున్నామె గంప తీసింది. మతి చెడ్డదన్నామె అందరికన్నా ముందు తీసింది. వాగు నుంచి గుట్ట దాక మనుషులు వరుస కట్టిన్రు. చేతికి చెయ్యి, చేతికి చెయ్యి, నల్లమన్ను ఎట్లొచ్చిందో అట్లనే మళ్ళ పైకి ఎక్కింది. కింది చెలక తీసుకున్న పెద్దోడు గూడ వచ్చిండు. తలొంచుకొని మోసిండు. ఆఖరి వరుస నిండి, కొర్రలు చల్లిన్రో లేదో, మొదటి చినుకు సత్తవ్వ ముక్కు మీద పడ్డది.

మూడో వానకాలం అదే. దంచికొట్టింది. పెంటవ్వకు ఇంట్ల నొప్పులు, గుట్ట మీద వాన. ఆమె ఒక్కటే అడుగుతున్నది. "రాళ్ళ కట్టలు ఆగినయా? కట్టలు ఆగినయా?" సాయిలు గుట్టకు ఉరికిపోయి, చూసి, ఉరికొచ్చి గడపల నిలబడ్డడు. ఒళ్ళంత బురద.

"నీళ్ళు కూసున్నయే" అన్నడు. "మంచిగ కూసున్నయ్."

అప్పుడు కన్నది. ఆడపిల్ల. ఇంట్ల పుట్టింది, బాట మీద కాదు.

సాయిలు దుప్పటి మూట విప్పి, ఆ దుప్పటిలనే బిడ్డను చుట్టిండు. సత్తవ్వ మనుమరాలిని చాటల పెట్టుకొని పెంటకుప్ప కాడికి తీసుకపోయింది. ఊరోళ్ళు అడిగిన్రు. "ఏందవ్వా, పిల్లకు సావు భయమా?"

"భయం ఏంది? అమ్మమ్మకు చూపియ్యొద్దా?" అన్నది సత్తవ్వ. చాటెడు తవుడు కుప్పకు పోసింది.

ఆ ఏడు గుట్ట పచ్చబడ్డది. కొర్రలు పండినయ్. వాగుల ఎవరు పెంట పోయలేదు గనక చెలిమె నీళ్ళు తేటపడ్డయ్. గుట్ట తాగిన వాన మెల్లమెల్లగ కిందికి దిగి, ఎండకాలం గూడ చెలిమె ఎండలేదు. ఊళ్ళెకెల్లి మూట కట్టుకొని పోయేటోళ్ళు తగ్గిన్రు. పోయినోళ్ళు గూడ కొందరు తిరిగొచ్చిన్రు.

పెంటవ్వ చానా కాలం బతికింది. మనుమలను, మనుమరాండ్లను ఎత్తుకున్నది. ముసల్దైనా పొద్దున లేచి కుప్పకు పెట్టనిది నోట్లె నీళ్ళు పోసుకోలేదు. ఒక ఎండకాలం పండుకున్నది, మళ్ళ లేవలేదు. ఊరంత మంచం చుట్టు చేరింది. "అవ్వా, గుట్ట మీద నీకు మంచి సమాధి కడతం, పెద్ద రాయి నిలబెడతం" అన్నరు.

పెంటవ్వ నవ్వింది. అరిగిన వేళ్ళు ఎత్తి చూపింది. "ఆ గుట్ట మీద రాళ్ళు ఏరి ఏరి నా వేళ్ళు ఇట్లైనయ్. మళ్ళ నా మీదనే రాయి పెడతరా? రాయొద్దు. పూలు తెస్తే వాడినయ్యే తేండ్రి. మీకు వద్దన్నది నాకు పెట్టుండ్రి, చాలు."

అదే ఆఖరి మాట. గుట్ట మీద కొర్ర చేన్ల పెట్టిన్రు. రాయి పెట్టలేదు. మూడు వానకాలాలు పోయినంక ఎక్కడ పెట్టిన్రో ఎవరికి జాడ దొరకలేదు. దొరకకపోయేసరికి గుట్టంత ఆమెదే అయింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళె కొత్తకోడలు వస్తే అత్త ముందు కొంగు ముడి చూస్తది. పుట్టింటి పెంట మన్ను తెచ్చిందా లేదా అని. తెచ్చిన మన్ను తీసుకపోయి గుట్ట మీద చల్లినంకనే పిల్లను లోపలికి పిలుస్తది. పిల్ల పేరు ఏదుంటే అదే పేరుతోటి పిలుస్తది, మార్చదు. ఎండకాలం పోయి మొగులు కమ్మిన మొదటి పొద్దు, ఇంటికి ఒక గంప తలమీద పెట్టుకొని గుట్ట ఎక్కుతరు.

ఇంకొకటి. ఆ ఊళ్ళె పారెయ్యి అనే మాట లేదు. పండు తొక్క గానీ, పొయ్యిల బూడిద గానీ, వాడిన పూలు గానీ, పిల్లలు చేతిల పట్టుకొని "ఇదేం చెయ్యాలె?" అని అడిగితే, తల్లులు పని చేసుకుంటనే, తల గూడ ఎత్తకుండ చెప్తరు. "పెంటవ్వకు పెట్టి రా."

కథ ఇంతవరకే. లేవుండ్రి ఇగ. ఒళ్ళె ఉన్న పొట్టు కిందపడకుండ పట్టుకోండ్రి. యాడికి తీసుకపోవాల్నో మీకు చెప్పాల్నా?